ఇంట్లో ఎస్ప్రెస్సో ఒకరోజు పులుపు, ఇంకోరోజు చేదు: మెషిన్ మార్చాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఇంట్లో సింగిల్ బాయిలర్ మెషిన్ (కాఫీకీ ఆవిరికీ ఒకే బాయిలర్) ఉంది, గింజల్ని రెండు పళ్ల చక్రాల (బర్ల) మధ్య నలిపే బర్ గ్రైండర్ ఉంది, పొడి వేసే జల్లెడ గిన్నె, అంటే బాస్కెట్, 18 గ్రాములది. గ్రైండర్ సెట్టింగ్ ముట్టుకోకుండా పొడి స్కూపుతో కొలిచి వేస్తున్నారు. ఒకరోజు 15 సెకన్లకే కప్పు నిండిపోయి పుల్లగా ఉంటోంది. ఇంకోరోజు 45 సెకన్లయినా చుక్కలు చుక్కలుగానే పడి, చేదు విషంలా ఉంటోంది. మెషిన్ పాడైందా, ఇంకా మంచిది కొనాలా, లేక పొడిని అణిచి నొక్కే (ట్యాంప్ చేసే) చేతిబలంలో తేడా వస్తోందా అని అడిగారు.

మెషిన్ మార్చకండి. చేతిబలం కూడా అసలు కారణం కాదు. 0.1 గ్రాము వరకు చూపించే చిన్న డిజిటల్ కాటా ఒకటి తెచ్చుకోండి. వేసే పొడిని, కప్పులో దిగే కాఫీని రెండింటినీ తూచండి. ఆ రెండు అంకెలూ కదలకుండా పట్టుకుని, గ్రైండర్ సెట్టింగ్ ఒక్కదాన్నే మార్చండి. మీ సమస్యలో పెద్ద భాగం ఇక్కడే తీరిపోతుంది. మిగిలినదానికి కారణాలు, ఏ వరుసలో వెతకాలో కింద రాస్తున్నాను.

స్కూపుతో ఎందుకు కుదరదంటే, పొడి వదులుగా పడిందా అణిగి పడిందా అన్నదాన్ని బట్టి ఒకటి రెండు గ్రాములు ఇట్టే తేడా వస్తుంది. రెండు గ్రాములే కదా అనిపిస్తుంది. కానీ 18 గ్రాముల బాస్కెట్లో 16 వేస్తే పొడి పొర పలచబడుతుంది, పైన ఖాళీ పెరుగుతుంది, నీళ్లు దూసుకుపోతాయి. 20 వేస్తే పొడి ఉబ్బి, పైనుంచి నీళ్లు వదిలే జల్లెడకి, అంటే షవర్ స్క్రీన్‌కి ఒత్తుకుంటుంది, నీళ్లు దిగడానికే మొరాయిస్తాయి. మీరు చెప్పిన 15, 45 సెకన్ల తేడాకి ఇదొక్కటే చాలు. మోతాదు ఎక్కువైందేమో తెలుసుకోవడం సులువు. ట్యాంప్ చేశాక, బాస్కెట్ కూర్చునే పిడి అయిన పోర్టాఫిల్టర్‌ని మెషిన్‌కి బిగించి, నీళ్లు వదలకుండానే మళ్లీ తీసి చూడండి. పొడి మీద స్క్రీన్ అచ్చో, దాని మధ్య స్క్రూ గుర్తో పడి ఉంటే అర గ్రాము తగ్గించాలి. బాస్కెట్ మీద రాసిన అంకెకి ఒక గ్రాము అటూ ఇటూ వరకు పర్వాలేదు.

అంతకంటే ముందు బాస్కెట్ తిప్పి కింది వైపు చూడండి. అడుగంతా సన్నని రంధ్రాలుంటే అది మామూలు బాస్కెట్, ఈ సమాధానం అంతా దానికే. కింద ఒకే ఒక్క చిన్న రంధ్రం కనబడితే అది ప్రెషరైజ్డ్ బాస్కెట్. అందులో ఒత్తిడి పుట్టేది పొడి వల్ల కాదు, ఆ రంధ్రం వల్ల. నురగ బ్రహ్మాండంగా వస్తుంది, కానీ గ్రైండర్ ఎంత తిప్పినా రుచి పెద్దగా మారదు. బర్ గ్రైండర్ ఉన్నవాళ్లు అదే సైజులో మామూలు బాస్కెట్ వేసుకోవడం మేలు.

మొదటి సెట్టింగ్ ఎలా పట్టుకోవాలి

పొడి 18 గ్రాములు, కప్పులో కాఫీ 36 గ్రాములు, పంపు స్విచ్ వేసినప్పటి నుంచి 25 నుంచి 30 సెకన్లు. ఇక్కడ మొదలుపెట్టండి. కప్పుని కాటా మీద పెట్టి సున్నా చేసి, 33, 34 గ్రాముల దగ్గరే పంపు ఆపేయండి. పైన నిలిచింది దిగేసరికి 36 అవుతుంది. మిల్లీలీటర్ల గీతలు చూసి ఆపొద్దు. తాజా గింజలకి నురగ ఎక్కువ, పాతవాటికి తక్కువ, కాబట్టి కప్పులో ఒకే ఎత్తు కనబడినా లోపలున్న కాఫీ ఒకటే కాదు.

ఒక్కసారి తీసే కాఫీని షాట్ అంటారు. ఉదాహరణకి మొదటి షాట్‌లో 36 గ్రాములు 17 సెకన్లలో దిగిపోయాయి, పలచగా పుల్లగా ఉంది. మోతాదు ముట్టుకోకుండా గ్రైండర్‌ని రెండు గీతలు సన్నం వైపు తిప్పండి. రెండో షాట్ 23 సెకన్లకొచ్చింది, పులుపు తగ్గింది కానీ నాలుక అంచుల్లో ఇంకా గుచ్చుతోంది. ఇంకో గీత. మూడోది 28 సెకన్లు, నోట్లో కాస్త చిక్కదనం, తీపి. ఇక అక్కడ ఆగండి. మీ గ్రైండర్‌కి ఒక గీత ఎన్ని సెకన్లన్నది మీరే చూసుకోవాలి. ఒక్కో గ్రైండర్‌ది ఒక్కో లెక్క.

ఇందులో చాలామంది పడే గుంట ఒకటుంది. సెట్టింగ్ మార్చిన వెంటనే వచ్చే పొడిలో పాత సెట్టింగ్‌ది కూడా కలిసి ఉంటుంది, ఎందుకంటే బర్ల మధ్యా, గొట్టంలోనూ కొంత పొడి ఎప్పుడూ నిలిచిపోతుంది. అందుకే మార్చాక రెండు మూడు గ్రాముల గింజలు ఆడించి పారబోయండి. అలా చేయకపోతే సన్నగా మార్చినా తేడా రాలేదే అనుకుని ఇంకా సన్నగా తిప్పుతారు, మర్నాటికి షాట్ మొత్తం బిగుసుకుపోతుంది. మరో సంగతి, సన్నం వైపు తిప్పేటప్పుడు గ్రైండర్ మోటారు తిరుగుతూ ఉండాలి. ఆగి ఉన్నప్పుడు తిప్పితే బర్ల మధ్య ఇరుక్కున్న గింజ ముక్కలు అడ్డుపడతాయి.

గీతకీ గీతకీ మధ్య ఎడం మరీ ఎక్కువగా ఉండే గ్రైండర్లూ ఉంటాయి. ఒక గీతకి 20 సెకన్లు, పక్క గీతకి 38 అన్నట్టు. అప్పుడు మాత్రమే మోతాదు కదపండి. బరక గీత మీదే ఉంచి పొడి 0.3 నుంచి 0.5 గ్రాము పెంచితే మధ్యలో ఎక్కడో కుదురుతుంది.

సెకన్లు చూసి కాదు, రుచి చూసి తేల్చాలి

25–30 సెకన్లన్నది మొదలుపెట్టే చోటు మాత్రమే. పొడిలోంచి పులుపునిచ్చేవి ముందు, త్వరగా కరుగుతాయి. తీపి ఆ తర్వాత దిగుతుంది. చేదు, వగరు నింపాదిగా వస్తాయి. నమ్మకం కుదరకపోతే ఒక షాట్‌ని మూడు కప్పుల్లోకి, ఒక్కోదాంట్లో 12 గ్రాముల చొప్పున పట్టి విడివిడిగా రుచి చూడండి. మొదటిది జిగురుగా, మొహం ముడుచుకునేంత ఘాటుగా పుల్లగా ఉంటుంది. రెండోది మెత్తగా ఉంటుంది. మూడోది లేత రంగులో నీళ్లలా ఉండి చేదు తగులుతుంది. మూడూ కలిస్తేనే ఎస్ప్రెస్సో. ఈ ఒక్క ప్రయోగం చేస్తే పులుపు, చేదు గురించి ఇక ఎవరినీ అడగనక్కర్లేదు.

లెక్క కావాలంటే, 36 గ్రాముల కాఫీలో 10 శాతం పొడి సారం ఉందనుకుంటే అది 3.6 గ్రాములు. వేసిన 18 గ్రాములలో అది 20 శాతం. మామూలుగా 18 నుంచి 22 శాతం మధ్య రుచి కుదురుతుందంటారు. దాన్ని కొలిచే పరికరం ఇంట్లో అక్కర్లేదు, నాలుక చాలు.

సమయం సరిపోయినా రుచి కుదరకపోతే ఇలా చూడండి. 28 సెకన్లలో దిగినా ఇంకా పుల్లగా ఉంటే, కప్పులో బరువు 36 నుంచి 40, 42 దాకా వెళ్లనివ్వండి, లేదా నీటి వేడి పెంచండి. తక్కువ వేయించిన (లైట్ రోస్ట్) గింజలకి 45 గ్రాములు, ఒక్కోసారి 54 కూడా పట్టొచ్చు. చేదుగా, కాలిన వాసనగా ఉంటే 30, 32 దగ్గరే ఆపండి, వేడి తగ్గించండి. బాగా నల్లగా వేయించిన డార్క్ రోస్ట్‌కి తరచుగా అదే సరిపోతుంది. డార్క్ రోస్ట్‌ని బలవంతాన 30 సెకన్లకి లాగాలని పట్టుబట్టడం నా దృష్టిలో దండగ. 22, 24 సెకన్లలో బాగుంటే బాగున్నట్టే.

పులుపూ చేదూ రెండూ ఒకే కప్పులో ఉంటే

ఇది వేరే జబ్బు. నాలుక మీద పులుపు, గొంతులో వగరు రెండూ తగిలితే చానెలింగ్ జరుగుతోందని అర్థం. ఒత్తిడితో వచ్చే నీరు పొడిలో ఎక్కడ వదులుగా ఉంటే అక్కడే దారి చేసుకుంటుంది, చెరువు గట్టుకి గండి పడ్డట్టు. గండి పడిన చోట పొడి మొత్తం పిండుకుపోయి చేదు దిగుతుంది, మిగతా చోట సగం తడిసి పుల్లగా మిగిలిపోతుంది.

దీని గుర్తులు: కాఫీ మొదట నెమ్మదిగా వస్తూ 15 సెకన్ల తర్వాత ఉన్నట్టుండి జోరందుకోవడం, ధారలో ఒక పక్క త్వరగా తెల్లబడటం, అడుగు లేని పోర్టాఫిల్టర్ అయితే సన్నని పిచికారీలు పక్కలకి చిమ్మడం. ఇంకో వింత గుర్తు, పొడి సన్నగా చేస్తున్నకొద్దీ సమయం పెరగాల్సింది పోయి తగ్గడం. పొడి మరీ సన్నమైతే నీటికి దారి దొరక్క, ఒత్తిడికి ఎక్కడో ఒకచోట చీలిపోతుంది. అప్పుడు ఇంకా సన్నగా తిప్పడం కాదు, రెండు మూడు గీతలు బరక వైపు రావాలి. ఈ సంగతి తెలియక గ్రైండర్‌ని తిట్టుకునేవాళ్లు ఎక్కువ.

చానెలింగ్‌కి మందు ట్యాంపింగ్ బలం కాదు, అంతకుముందు పొడిని సర్దడం. వరుస ఇది:

బాస్కెట్‌ని పొడిగుడ్డతో తుడవండి. తడి ఉంటే అంచుల్లో పొడి ఉండకట్టి, నీళ్లు అటు నుంచే జారిపోతాయి. గింజలు తూచండి. ఆడించే ముందు వాటి మీద ఒకే ఒక్క చుక్క నీళ్లు వేసి కలపండి. పొడి అటూ ఇటూ ఎగిరి అంటుకోవడానికి కారణమైన స్థిరవిద్యుత్తు తగ్గుతుంది. గ్రైండర్లో మిగిలిపోయే పొడి కూడా తగ్గి తూకం నిలుస్తుంది. ఒక్కో షాట్‌కి గింజలు తూచి ఆడించుకునేవాళ్లకే ఇది. తొట్టి నిండా గింజలు పోసేవాళ్లు వాటిని తడపకూడదు.

పొడి పడ్డాక సన్నని సూదులతో కలపాలి. దీన్ని డబ్ల్యూడీటీ అంటారు. సూది మందం 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్లు ఉంటే సరిపోతుంది. సీసా బెండుకి నాలుగైదు ఆక్యుపంక్చర్ సూదులు గుచ్చుకుంటే పనిముట్టు తయారు. టూత్‌పిక్ పనికిరాదు, అది పొడిలో చాళ్లు తీస్తుందే తప్ప ఉండలు విడగొట్టదు. సూదుల్ని బాస్కెట్ అడుగు తాకేదాకా దించి, చిన్న చిన్న సున్నాలు చుడుతూ 10, 15 సెకన్లు తిప్పండి, తిప్పుతూ మెల్లగా పైకి రండి. చివర్లో పైపొర మాత్రం చదును చేయండి. చాలామంది పై సగమే గీకి వదిలేస్తారు, గండి పడేది కింద మిగిలిన ఉండల దగ్గరే. తర్వాత పోర్టాఫిల్టర్‌ని బల్ల మీద ఒక్కసారి మెత్తగా తట్టి, ట్యాంప్ చేయండి.

ట్యాంప్ ఎంత బలంగా అంటే, పొడి ఇక అణగనని ఆగేంత. సుమారు 12 నుంచి 15 కిలోల ఒత్తిడి. దాన్ని దాటి ఎంత నొక్కినా తేడా దాదాపు ఉండదు. అందుకే మొదట్లోనే చేతిబలం కాదన్నాను. ఒరగకుండా నొక్కడం మాత్రం ముఖ్యం. ఒక పక్క ఒక మిల్లీమీటరు పల్లంగా ఉన్నా నీళ్లు ఆ పక్కకే పోతాయి. ట్యాంపర్ అంచు, బాస్కెట్ అంచు సమానంగా ఉన్నాయో లేదో చుట్టూ వేలు పెట్టి తడిమి చూడండి. నొక్కాక బాస్కెట్ పక్కన ట్యాంపర్‌తో కొట్టే అలవాటుంటే మానేయండి. అంచుకి అతుక్కున్న పొడి విడిపోయి అక్కడ సందు పడుతుంది.

నిన్న కుదిరింది, ఇవాళ కుదరలేదంటే

తూకం, సర్దుబాటు రెండూ సరిగ్గా ఉండి కూడా రోజురోజుకీ తేడా వస్తుంటే గింజల వయసు చూడండి. వేయించిన కొత్తలో గింజల్లో కార్బన్ డయాక్సైడ్ బాగా ఉంటుంది. రెండు మూడు రోజుల గింజలతో తీస్తే నురగ పొంగిపొర్లుతుంది కానీ ధార తూలుతూ వస్తుంది, రుచి గరుకుగా ఉంటుంది. డార్క్ రోస్ట్‌కి వేయించాక 5 నుంచి 7 రోజులు, లైట్ రోస్ట్‌కి 10 నుంచి 14 రోజులు ఆగితే దారిలో పడతాయి. ఆ తర్వాత రోజులు గడిచేకొద్దీ గ్యాస్ పోయి, అదే సెట్టింగ్‌లో షాట్ త్వరగా దిగుతుంది. కాబట్టి ఒకే పొట్లం వాడుతున్నా మూడు నాలుగు రోజులకోసారి ఒక గీత సన్నం చేయాల్సి రావడం మామూలే. అదేం లోపం కాదు. నెలన్నర దాటితే ఎంత సన్నం చేసినా సారం ఉండదు. పొట్లం పెద్దదైతే మొదట్లోనే 18 గ్రాముల చొప్పున గాలి చొరని చిన్న డబ్బాల్లో కట్టి ఫ్రీజర్లో పెట్టండి. కావలసినప్పుడు తీసి, కరగబెట్టకుండా నేరుగా ఆడించొచ్చు.

ప్యాకెట్ మీద వేయించిన తేదీ లేకుండా గడువు తేదీ మాత్రమే ఉంటే కొనకండి. ఆడించిన పొడి సంగతి చెప్పనే అక్కర్లేదు, అందులో మీరు మార్చగలిగింది ఏమీ ఉండదు.

తర్వాతి అనుమానం వేడి. సింగిల్ బాయిలర్ మెషిన్లలో థర్మోస్టాట్ ఒక వేడి దగ్గర ఆగి, చాలా తగ్గాక గానీ మళ్లీ అందుకోదు. మధ్యలో కొన్ని డిగ్రీలు ఊగుతుంటుంది. ఎస్ప్రెస్సోకి కావలసింది 90 నుంచి 96 డిగ్రీల మధ్య. మీరు ఏ క్షణంలో స్విచ్ వేశారన్నదాన్ని బట్టి ఒకరోజు ఆ చివర, ఒకరోజు ఈ చివర తగలొచ్చు. ఉపాయం ఏమిటంటే, ప్రతిసారీ ఒకే క్షణంలో మొదలుపెట్టడం. హీటర్ లైటు వెలిగేదాకా కాసిని నీళ్లు వదలండి, లైటు ఆరేదాకా ఆగండి, ఆ తర్వాత ఇన్ని సెకన్లని లెక్కపెట్టుకుని షాట్ తీయండి. ఆ లెక్క 10 అయినా 30 అయినా రోజూ అదే ఉండాలి. పుల్లగా ఉంటే లైటు ఆరిన వెంటనే, చేదుగా ఉంటే ఇంకాస్త ఆగి తీయండి. వేడి నిలకడగా ఉంచే పీఐడీ ఉన్న మెషిన్ అయితే ఈ తిప్పలు లేవు. 93 దగ్గర పెట్టి, లైట్ రోస్ట్‌కి రెండు డిగ్రీలు పైకి, డార్క్ రోస్ట్‌కి రెండు మూడు కిందికి జరుపుకోండి.

పోర్టాఫిల్టర్‌ని బిగించే ఉంచి, మెషిన్‌ని 20 నుంచి 30 నిమిషాలు వేడెక్కనివ్వండి. అరకిలో చల్లటి ఇత్తడి ముద్ద నీటి వేడిని ఎంత లాగేస్తుందో ఊహించుకోండి. పొద్దున్నే మొదటి షాట్ పుల్లగా, రెండోది బాగా వస్తోందంటే కారణం ఇదే. పాలు స్టీమ్ చేశాక వెంటనే షాట్ తీయాలంటే మాత్రం బాయిలర్ మరీ వేడిగా ఉంటుంది. బుసబుసలు ఆగి నీళ్లు మామూలుగా వచ్చేదాకా వదిలేయండి. దీంతో బాయిలర్ మళ్లీ నిండుతుంది కూడా.

నీళ్ల విషయంలో రెండు చివర్లూ చెడ్డవే. లవణాలు ఎక్కువున్న గట్టి నీళ్లు బాయిలర్లో సున్నం పేరుస్తాయి, వాటిలోని బైకార్బనేట్ కాఫీ పులుపుని చంపేసి చప్పగా చేస్తుంది. లవణాలేమీ లేని నీళ్లు పోస్తే పులుపు సూదిలా పొడుస్తుంది, పైగా లోహాన్ని తినేస్తాయి. గ్రైండర్‌తో కుస్తీ పట్టినా పులుపు వదలనివాళ్లు ముందు దీన్ని చూసుకోవాలి. సులువైన మార్గం, డిస్టిల్డ్ నీళ్లు లీటరుకి 0.1 గ్రాము ఆహారానికి వాడే పొటాషియం బైకార్బనేట్ కలపడం. 10 లీటర్లకి ఒక గ్రాము అన్నమాట. అందులో కాల్షియం ఉండదు కాబట్టి సున్నం పేరుకోదు.

శుభ్రం గురించి ఎక్కువ చెప్పను. షవర్ స్క్రీన్ స్క్రూ విప్పి వెనక వైపు వాసన చూడండి, మీకే తెలుస్తుంది. షాట్ ఆపగానే ట్రేలోకి తుస్సుమని ఒత్తిడి వదిలే మెషిన్ అయితే, రంధ్రాలు లేని బాస్కెట్లో ఎస్ప్రెస్సో మెషిన్ల కోసమే అమ్మే క్లీనింగ్ పౌడర్ రెండు గ్రాములు వేసి, 10 సెకన్లు పంపు, 10 సెకన్లు విరామం చొప్పున ఐదుసార్లు చేయండి. తర్వాత పౌడర్ లేకుండా మళ్లీ ఐదుసార్లు. రోజూ వాడితే వారానికోసారి చాలు. తుస్సుమనే వాల్వ్ లేని మెషిన్లకి ఇది చేయకూడదు.

15 బార్ సంగతి

చాలా మెషిన్ల మీద 15 బార్ అని రాసి ఉంటుంది (బార్ అంటే ఒత్తిడి కొలత), అది పంపు గరిష్ఠ సామర్థ్యం. పొడి మీద పడాల్సింది 9 బార్ చుట్టూ. ఆ అంకె 1961లో వచ్చిన ఫేమా ఈ61 మెషిన్‌లోని విద్యుత్ పంపు కాలం నుంచీ ప్రమాణంగా నిలిచిపోయింది. కొన్ని ఇంటి మెషిన్లలో ఒత్తిడి 12 బార్ దాటి ఉంటుంది, అందులో చానెలింగ్ ఎక్కువ. ఒత్తిడిని అదుపు చేసే ఓపీవీ స్ప్రింగ్ మార్చుకోవచ్చు, కానీ పై పనులన్నీ అయ్యాకే దాని జోలికి వెళ్లండి. కరెంటు ప్లగ్ పీకి, మెషిన్ చల్లారాక మాత్రమే విప్పండి. స్ప్రింగ్ ట్యాంపర్లు, పొడి మీద పెట్టే జల్లెడ బిళ్లలు (పక్ స్క్రీన్లు) వగైరాలకి ఇప్పుడే డబ్బు పెట్టొద్దు. ఏదో ఒకటి కొనాలనిపిస్తే అడుగు లేని పోర్టాఫిల్టర్ కొనండి, ఎక్కడ గండి పడుతోందో అదే కళ్లకి చూపిస్తుంది.

ఇక నిజంగా మెషిన్‌లోనే లోపముందా అన్నది తేల్చుకోవాలంటే, పోర్టాఫిల్టర్ తీసేసి, కింద ఖాళీ గ్లాసు పెట్టి సరిగ్గా 10 సెకన్లు పంపు నడిపి నీళ్లు తూచండి. రెండేసి నిమిషాల ఎడంతో మూడుసార్లు. మూడుసార్లూ దాదాపు ఒకే బరువు వస్తే పంపు బాగానే ఉన్నట్టు. బరువులో పెద్ద తేడా వచ్చినా, షవర్ స్క్రీన్‌లో ఒక పక్క నుంచే నీళ్లు పడుతున్నా, ముందు స్క్రీన్ విప్పి కడిగి మళ్లీ కొలవండి. అప్పటికీ తేడా పోకపోతే సున్నం పేరుకుని ఉండొచ్చు, పంపు అలిసిపోయి ఉండొచ్చు, అప్పుడు మెకానిక్‌ని పిలవండి. షాట్ తీసేటప్పుడు పోర్టాఫిల్టర్ అంచుల్లోంచి నీళ్లు కారుతుంటే మాత్రం గట్టిపడిన రబ్బరు గాస్కెట్ మారిస్తే సరిపోతుంది.